వర్మ్ గేర్‌బాక్సు ఆయిల్లో నానో మోలీ: ఐదు లీటర్లు కలిపి, కొలిచి చూసే పద్ధతి

గేర్ల రాపిడి తగ్గించే నానో మోలీ (మాలిబ్డినం డైసల్ఫైడ్) పొడి కొనడం సులువు. ఆయిల్లో పోసి కలపడం ఇంకా సులువు. కష్టమంతా కలిపిన పొడి మళ్ళీ ఒకదానికొకటి అంటుకుని ఉండలు కట్టకుండా ఆపడంలోనే ఉంది. యాభై నానోమీటర్ల రేణువని డబ్బిచ్చి తెచ్చుకుని, గేర్ల మధ్యకు ఐదు మైక్రాన్ల ఉండల్ని పంపితే అది నానో కాదు, మామూలు మడ్డి. అందుకే ఇక్కడ పొడి గురించి తక్కువ, కలపడం గురించి, కలిసిందో లేదో తేల్చుకోవడం గురించి ఎక్కువ ఉంటుంది.

ఉదాహరణకు తీసుకున్నది వీజీ 320, అంటే 40 డిగ్రీల దగ్గర చిక్కదనం 320 సెంటీస్టోక్స్ ఉండే మినరల్ గేర్ ఆయిల్‌తో నడిచే వర్మ్ గేర్‌బాక్సు. బెంగళూరు చుట్టుపక్కల పీణ్య, బొమ్మసంద్ర, జిగని వర్క్‌షాపుల్లో కన్వేయర్ల కింద, మిక్సర్ల పక్కన కనిపించే రకమే. వర్మ్‌నే ఎందుకు పట్టుకున్నామంటే, దానిలో పళ్ళు దొర్లడం కన్నా జారడమే ఎక్కువ. స్క్రూ ఆకారంలో ఉండే ఉక్కు వర్మ్ కంచు చక్రం మీద ఒరుసుకుంటూనే తిరుగుతుంది. పెట్టిన కరెంటులో పెద్ద వాటా వేడిగా పోయేది అక్కడే. నెమ్మదిగా, బరువు మోస్తూ, ఆగుతూ మొదలవుతూ నడిచే చోట ఆయిల్ పొర పలచబడి లోహం లోహాన్ని తాకుతుంది. నానో రేణువు పనికొచ్చేది ఆ తాకే క్షణంలోనే. వేగంగా తిరిగే బేరింగులో ఆయిల్ పొర రెండు ముఖాల గరుకుదనం కన్నా మూడు రెట్లు మందంగా ఉంటే అవి అసలు తాకవు. అక్కడ ఎంత ఖరీదైన పొడి పోసినా మీటరులో తేడా కనపడదు.

పొయ్యకూడని చోట్లు

మోటారు సైకిల్ ఇంజనులో వద్దు. చాలా బైకుల్లో క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్లో మునిగి ఉంటాయి, జారుడు పెరిగితే క్లచ్ పట్టదు. ఇదే కారణంతో బ్యాక్‌స్టాప్ ఉన్న గేర్‌బాక్సులో కూడా వద్దు. ఎత్తుకు పోయే కన్వేయరు వెనక్కి జారకుండా పట్టే ఆ భాగం రాపిడి మీదే బతుకుతుంది, దాన్ని జారేలా చేస్తే బరువంతా కిందికి వస్తుంది. సర్వో వాల్వులున్న హైడ్రాలిక్ సిస్టమ్‌లో స్పూల్ (వాల్వు లోపల జారే కడ్డీ) సందు కొద్ది మైక్రాన్లే, ఒక్క ఉండ ఇరుక్కుంటే చాలు. పీఏజీ (పాలీఆల్కలీన్ గ్లైకాల్) సింథటిక్ ఆయిల్‌తో నడిచే వర్మ్ బాక్సులూ ఉన్నాయి. మినరల్ ఆయిల్లో చేసిన మిశ్రమం దానిలో కలవదు, కాబట్టి నేమ్‌ప్లేటు చూడకుండా మూత విప్పకండి.

ఇంకొకటి. కంచు పళ్ళ మీద గుంటలు పడ్డ బాక్సు, వర్మ్ పక్కకు జరిగి పంటి అంచునే తాకుతున్న బాక్సు ఏ పొడితోనూ బాగుపడదు. "అరిగిన చోట పూడ్చేస్తుంది" అని అమ్మేవాళ్ళు చెప్పే పూడిక సూక్ష్మమైన గీతల లోతులో, నానోమీటర్ల లెక్కలో జరిగేది. కంటికి కనిపించే అరుగుదలకు మందు కొత్త చక్రమే.

ఏ పొడి

వర్మ్‌కు మాలిబ్డినం డైసల్ఫైడ్ తీసుకోండి. షాపుల్లో "మోలీ" అంటారు, గ్రీజులో ఎప్పట్నుంచో ఉన్నదే. పేకముక్కల్లా పొరలు పొరలుగా ఉంటుంది. పొర లోపల బంధం గట్టిది, పొరకూ పొరకూ మధ్య బలహీనం, ఒత్తిడి పడగానే ఒకదాని మీద ఒకటి జారుతాయి. కొంత పొడి లోహం మీద పలుచటి పూతలా అతుక్కుని ఉండిపోతుంది. టంగ్‌స్టన్ డైసల్ఫైడ్ కూడా ఇదే జాతి. 1992లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో రెష్ఫ్ టెన్నె బృందం దాన్ని ఉల్లిపాయలా గుండ్రటి పొరల రేణువుగా తయారుచేసి చూపింది. బాగా పనిచేస్తుంది గానీ సాంద్రత 7.5, మోలీది సుమారు 5. బరువైనది తొందరగా అడుక్కి దిగుతుంది.

హెక్సాగోనల్ బోరాన్ నైట్రైడ్ తేలిక, తెల్లన, రసాయనాలకు లొంగదు. కానీ దాన్ని కలిపిన ఆయిల్ పాలలా అవుతుంది. నీళ్ళు చేరిన ఆయిల్ కూడా పాలలాగే ఉంటుంది కదా. సైట్ గ్లాసులో, అంటే బాక్సుకున్న గాజు కిటికీలో చూసి నీళ్ళు చేరాయా లేదా చెప్పే దారి మూసుకుపోతుంది.

అల్యూమినా, సిలికాన్ కార్బైడ్ లాంటి గట్టి పొడుల్ని కంచు చక్రమున్న బాక్సులోకి రానివ్వకండి. ల్యాపింగ్ ఎలా చేస్తారో గుర్తుచేసుకోండి. మెత్తటి లోహంలోకి గట్టి రేణువుల్ని గుచ్చి, దానితో గట్టి ముఖాన్ని అరగదీస్తారు. ఇక్కడ మెత్తటిది కంచు, గట్టిది ఉక్కు వర్మ్. మీరు పోసే ఆయిల్ ల్యాపింగ్ పేస్టు అవుతుంది, చక్రం బాగానే ఉండి వర్మ్ అరుగుతుంది. ఉక్కు మీద ఉక్కు ఒరుసుకునే ల్యాబ్ పరీక్షలో అల్యూమినాకు మంచి మార్కులు రావచ్చు. ఆ కాగితం చూసి మోసపోవద్దు.

పొడి కొనేటప్పుడు సైజు ఎలా కొలిచారో అడగండి. ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌తో లెక్కగట్టిన సైజు స్ఫటికం సైజు, రేణువు సైజు కాదు. నాలుగైదు స్ఫటికాలు గట్టిగా అతుక్కుని ఒకే రేణువుగా ఉన్నా ఆ లెక్క చిన్నగానే వస్తుంది. మోలీకి "50 నానోమీటర్లు, గుండ్రటివి" అని రాసి ఉంటే ఇంకాస్త అనుమానించండి. మామూలు మోలీ పలకల్లా ఉంటుంది. ఆ 50 మందమా, వెడల్పా? మందం 50 ఉండి వెడల్పు ఒక మైక్రాన్ దాటేవి మార్కెట్లో దొరుకుతాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఫోటో అడిగి, దాని మీద ఉన్న స్కేలు గీతతో మీరే కొలుచుకోండి. ఫోటో ఇవ్వలేనివాళ్ళ దగ్గర కిలో కొనే బదులు, పది గ్రాముల శాంపిలు తెచ్చి బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ, అంటే ఐఐఎస్‌సీలోని నానో సైన్స్ కేంద్రంలో రుసుము కట్టి చూపించుకోవడం మేలు. బయటివాళ్ళ శాంపిళ్ళనూ అక్కడ తీసుకుంటారు.

అంటుకోకుండా ఆపేది

రేణువు చుట్టూ జిడ్డు తోకల పొర ఒకటి ఉండాలి. రెండు రేణువులు దగ్గరకొచ్చినప్పుడు ఆ తోకలే ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ప్రాజెక్టులు చేసే విద్యార్థులు చటుక్కున పట్టుకునేది ఓలిక్ యాసిడ్. టైటానియా, కాపర్ ఆక్సైడ్ లాంటి ఆక్సైడ్లకు అది బాగా పడుతుంది, దాని ఆమ్లపు కొస ఆక్సైడ్ ముఖానికి అతుక్కుంటుంది. మోలీ పలక ముఖానికి అంత పట్టు దొరకదు. అతుక్కోకుండా మిగిలిన యాసిడ్ కంచులోని రాగిని తిని ఆకుపచ్చ సబ్బు చేస్తుంది. బాక్సు విప్పితే ఆకుపచ్చ జిగురు కనిపించిందంటే కారణం ఇదే కావచ్చు.

వర్మ్ బాక్సుకు పాలీఐసోబ్యూటిలీన్ సక్సినిమైడ్ వాడండి. ఇంజన్ ఆయిల్లో మసిని విడదీసి ఉంచే డిస్పర్సెంట్ ఇదే. తేనెలా చిక్కగా, నూనెలో కలిపే అమ్ముతారు. సర్టిఫికెట్‌లో అసలు పదార్థం ఎంత శాతమో చూసి తూకం లెక్కవేయండి. పొడి బరువులో సగం చాలు. ఎక్కువ పోస్తే ఇంకా బాగా విడిపోతుందనుకోవడం పొరపాటు. మిగులు డిస్పర్సెంట్ లోహపు ముఖాన్ని ఆక్రమించి, ఆయిల్లో అంతకుముందే ఉన్న అరుగుదల నిరోధకాన్ని పక్కకు నెడుతుంది. పైగా నీటిని పట్టి ఉంచుకుంటుంది. మామూలు గేర్ ఆయిల్లో చేరిన నీళ్ళు అడుక్కి దిగితే డ్రెయిన్ ప్లగ్ వదులుచేసి తీసేయొచ్చు. డిస్పర్సెంట్ ఎక్కువైతే నీళ్ళు విడిపోక ఆయిల్లోనే ఉండిపోతాయి. వానాకాలంలో బ్రీదర్ (గాలి ఆడే రంధ్రం) తెరిచి ఉండే బాక్సులకు ఇది చిన్న సంగతి కాదు.

నూనెల్లో కలిసే స్పాన్ 80 అనే డిస్పర్సెంట్ దొరికితే అదీ నడుస్తుంది. ట్వీన్ 80 మాత్రం నీళ్ళకు సరిపోయేది, పేర్లు దగ్గరగా ఉన్నాయని దాన్ని తెచ్చుకోకండి.

తూకాలు

వీజీ 320 ఆయిల్ లీటరు సుమారు 0.89 కిలో. మొత్తం 4.5 కిలోలు చేద్దాం, ఐదు లీటర్లకు కాస్త పైన వస్తుంది. మోలీ 0.5 శాతం. ముందు పదో వంతు ఆయిల్లో 5 శాతం చిక్కటి మిశ్రమం చేసి, తర్వాత మిగతా ఆయిల్లో కలపాలి.

చిక్కటి మిశ్రమానికి: మోలీ 22.5 గ్రాములు, డిస్పర్సెంట్ అసలు పదార్థం లెక్కన 11.25 గ్రాములు, వీజీ 320 ఆయిల్ 416 గ్రాములు. మొత్తం 450.
తర్వాత కలపాల్సిన వీజీ 320 ఆయిల్: 4,050 గ్రాములు.

పలుచగా ఉంటే పొడి బాగా విడిపోతుందని, చిక్కటి మిశ్రమాన్ని వీజీ 32 ఆయిల్లో చేసే అలవాటు కొందరికి ఉంది. లెక్కవేసి చూడండి. పది శాతం వీజీ 32 చేరితే 320 కాస్తా 240 చుట్టుపక్కలకు దిగిపోతుంది. వీజీ 320 అనిపించుకోవాలంటే 288కి తగ్గకూడదు. ఆయిల్ పొర పలచబడి రాపిడి పెరుగుతుంది, తప్పు పొడి మీద పడుతుంది. అదే ఆయిల్‌ను వేడిచేసి పలుచన చేసుకోవడమే సరైన పద్ధతి. వీజీ 320 చిక్కదనం 20 డిగ్రీల దగ్గర 1300 సెంటీస్టోక్స్ దాటుతుంది, 60 దగ్గర 110కి, 70 దగ్గర 70కి వస్తుంది. ఈ అంకెలు గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తాయి.

కలపడం

పొడి తెరిచే ముందు ఫ్యాను ఆపండి. ఎన్95 మాస్కు, నైట్రైల్ గ్లవ్స్, కళ్ళద్దాలు పెట్టుకోండి. ఫ్యూమ్ హుడ్ (గాలిని బయటికి లాగే ల్యాబ్ పెట్టె) ఉంటే దానిలోనే తూచండి. లేకపోతే పొడి సంచిని పెద్ద పారదర్శక ప్లాస్టిక్ సంచిలో పెట్టి, సంచి లోపలే చేతులు పెట్టి తూచండి. ఒలికింది చీపురుతో ఊడవకూడదు, ఆయిల్ తడిపిన గుడ్డతో అద్ది తీయాలి. ఒకసారి ఆయిల్లో బాగా తడిసిన పొడి సులువుగా గాల్లోకి లేవదు, కాబట్టి పొడి పొడిగా ఉన్నంతసేపే ప్రమాదం ఎక్కువ.

రాగి సంకటి చేసేవాళ్ళకు తెలుసు: పిండి నేరుగా ఎసట్లో పోస్తే ఉండ కడుతుంది, పైన ఉడికి లోపల పొడి పిండి అలాగే ఉంటుంది. ముందు కాసిన్ని చల్లనీళ్ళలో కలిపి పోస్తే ఆ బాధ లేదు. ఇక్కడా అంతే. 416 గ్రాముల్లోంచి సుమారు 60 గ్రాముల ఆయిల్ తీసి 60 డిగ్రీలకు వేడిచేసి, దానిలో డిస్పర్సెంట్ కరిగించండి. స్టీలు గిన్నెలో గరిటెతో నూరుతూ పొడిని మూడు నాలుగు విడతలుగా వేయండి. ముద్ద మెరుస్తూ, గరిటె గీస్తే గీత నిలిచేలా అయ్యేదాకా ఇరవై నిమిషాలైనా పడుతుంది. పెయింటు, ఇంకు తయారుచేసేవాళ్ళ దగ్గర మూడు రోలర్ల మిల్లు దొరికితే ఈ ముద్దను రెండు మూడుసార్లు దానిలో తిప్పించడం అన్నిటికన్నా మంచి పని. వంటింటి మిక్సీ మాత్రం దీనికి చాలదు. పొడి తడుస్తుంది గానీ గట్టి ఉండలు పగలవు, నురగ మాత్రం నిండుగా వస్తుంది.

ముద్దలో మిగతా ఆయిల్ కొద్దికొద్దిగా కలిపి 450 గ్రాములు చేసి, రెండు బీకర్లలో సగం సగం పోయండి. ఇప్పుడు ప్రోబ్ సోనికేటర్, అంటే ద్రవంలో ముంచిన కడ్డీ కొసను చాలా వేగంగా కంపింపజేసి ఉండల్ని విడగొట్టే యంత్రం. 20 కిలోహెర్ట్జ్, 500 వాట్ల తరగతి, 13 మి.మీ. టిప్ ఉన్నది సరిపోతుంది. టిప్ రెండు మూడు సెంటీమీటర్లు మునగాలి, అడుగుకు తగలకూడదు. ఐదు సెకన్లు నడిపి ఐదు సెకన్లు ఆపే పద్ధతిలో, నడిచిన సమయం ఒక్కో బీకరుకు 30 నిమిషాలు రావాలి. నీళ్ళ తొట్టి రకం బాత్ సోనికేటర్‌తో గంటలు గంటలు పెట్టినా ఇంత చిక్కటి ఆయిల్లో పెద్దగా ఒరిగేది లేదు.

పరిశోధన పత్రాల్లో ఐసు నీళ్ళలో బీకరు పెట్టమని రాసి ఉంటుంది. అది పలుచటి ద్రవాలకు సరే. వీజీ 320ను ఐసులో పెడితే తేనెలా చిక్కగా మారి, బుడగలు పుట్టి పగిలే చర్య, అంటే ఉండల్ని విడగొట్టేదే, చచ్చిపోతుంది. బీకరును 60 డిగ్రీల నీళ్ళలో పెట్టి, ఆయిల్ 60 నుంచి 75 మధ్య ఉండేలా చూడండి. 80 దాటితే ఆపండి.

సోనికేటర్ తెర మీద చూపే వాట్లు ఆయిల్లోకి పోయే వాట్లు కావు. ఒకసారి మీరే కొలవండి. బీకరును నీళ్ళలోంచి తీసి, ఆపకుండా ఒక్క నిమిషం నడిపి ఉష్ణోగ్రత ఎంత పెరిగిందో చూడండి. ఆయిల్ గ్రాముకు డిగ్రీకి సుమారు 2 జౌళ్ళు తీసుకుంటుంది. 225 గ్రాముల ఆయిల్ పది డిగ్రీలు పెరిగితే 4,500 జౌళ్ళు, అరవై సెకన్లకు భాగిస్తే 75 వాట్లు. పోయినసారి 75 వచ్చి ఈసారి 40 వస్తే టిప్ అరిగిందని అర్థం. చివర గుంటలు పడి ఉంటాయి. ఆ అరిగిన టైటానియం పొడి మీ ఆయిల్లోనే ఉందని కూడా గుర్తుంచుకోండి.

చిక్కటి మిశ్రమం వేడిగా ఉండగానే, అంతే వేడిగా ఉన్న 4,050 గ్రాముల ఆయిల్లోకి సన్నటి ధారగా పోస్తూ అరగంట కలపండి. చల్లటి ఆయిల్లో ఒక్కసారిగా పోస్తే, విడిపోయినవి మళ్ళీ దగ్గరవుతాయి. అర లీటరు పరీక్షలకు పక్కన పెట్టండి. మోలీ లేకుండా డిస్పర్సెంట్ మాత్రమే 0.25 శాతం కలిపిన ఆయిల్ ఇంకో అర లీటరు చేసి పెట్టుకోండి. చాలామంది వదిలేసేది దీన్నే. ఎందుకు కావాలో కింద చెప్పే నాలుగు బంతుల అరుగుదల పరీక్ష దగ్గర తెలుస్తుంది.

నిలిచిందా, దిగిందా

మిశ్రమం నల్లగా ఉంటుంది, అడుగున ఏం చేరిందో గాజు సీసాలో కూడా కనపడదు. "నెలైనా అడుగు చేరలేదు" అని సీసా చూపించేవాళ్ళను సీసా తలకిందులు చేయమనండి.

ఇంట్లోనైనా చేయదగ్గది ఫిల్టర్ కాగితం పరీక్ష. ఆయిల్‌ను 60 డిగ్రీలకు వేడిచేసి, కాగితం మధ్య ఒక్క చుక్క వేయండి. చుక్క పడ్డ చోట కింద ఏదీ తగలకుండా కాగితాన్ని గ్లాసు మూతి మీద పరచాలి. చిక్కటి ఆయిల్ కదా, 80 డిగ్రీల ఓవెన్‌లో గంట ఉంచితే పాకుతుంది. బూడిదరంగు మచ్చ అంచుదాకా సమంగా పరుచుకుంటే రేణువులు ఆయిల్‌తో పాటే నడిచాయి. మధ్యలో నల్లటి చుక్క, చుట్టూ ఖాళీ ఆయిల్ వలయం కనిపిస్తే ఉండలు కదలలేక అక్కడే ఆగిపోయాయి. అలాంటప్పుడు మళ్ళీ సోనికేటర్ దగ్గరకు వెళ్ళాల్సిందే.

రెండోది నిలవ పరీక్ష. గట్టి గుండు అనుకుని లెక్కవేస్తే, ఒక మైక్రాన్ మోలీ ఉండ 30 డిగ్రీల వీజీ 320లో రోజుకు మూడో వంతు మిల్లీమీటరు చొప్పున దిగుతుంది. పది మైక్రాన్ల ఉండైతే దానికి వంద రెట్లు, రోజుకు మూడున్నర సెంటీమీటర్లు. వంద నానోమీటర్ల రేణువు రోజుకు నాలుగు మైక్రాన్లు కూడా దిగదు. దిగే వేగం వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి కథంతా ఉండల సైజులోనే ఉంది. చిక్కదనం 30 దగ్గర 620, 70 దగ్గర 70, అంటే వేడిలో తొమ్మిది రెట్లు వేగం. వంద మి.లీ. కొలజాడీని 70 డిగ్రీల ఓవెన్‌లో ఏడు రోజులు ఉంచితే, గది వేడిలో రెండు నెలలు ఉంచినట్టే. తర్వాత కదపకుండా సిరంజితో పైనుంచి 20 మి.లీ., అడుగు నుంచి 20 మి.లీ. తీసి, ఆయిల్ పరీక్షలు చేసే ఏ ల్యాబుకైనా మాలిబ్డినం ఎంతుందో చూడమని పంపండి. మోలీలో మాలిబ్డినం వంతు 60 శాతం, కాబట్టి 0.5 శాతం మిశ్రమంలో 3,000 పీపీఎం (పది లక్షల వంతుల్లో 3,000) చుట్టూ రావాలి. పైన 2,900, అడుగున 3,100 వస్తే బాగుంది. పైన 1,800, అడుగున 5,000 వస్తే అది బాక్సులోకి పోదగింది కాదు. రెండూ 2,000 దగ్గర ఉంటే పొడి గిన్నెకూ గరిటెకూ అంటుకుపోయింది, లేదా తూకం తప్పింది.

కంచు ఉంది కాబట్టి రాగి పట్టీ పరీక్ష కూడా అడగండి. ఏఎస్‌టీఎం డీ 130 అనే అమెరికన్ పరీక్షా ప్రమాణం ప్రకారం 100 డిగ్రీల్లో మూడు గంటలు ఉంచి రంగు చూస్తారు. 1ఏ, 1బీ అయితే సరే.

నాలుగు బంతులు

కింద మూడు బంతులు కదలకుండా, పైన ఒకటి తిరుగుతూ ఉండే యంత్రమిది. దీన్ని తయారుచేసే డ్యూకామ్ బెంగళూరు సంస్థే, కొన్ని ఇంజనీరింగ్ కాలేజీల్లోనూ యంత్రం ఉంది. అరుగుదలకు ఏఎస్‌టీఎం డీ 4172 చెయ్యమనండి: 40 కేజీల బరువు, 1200 ఆర్‌పీఎం, 75 డిగ్రీలు, 60 నిమిషాలు, 12.7 మి.మీ. ఉక్కు బంతులు. చివర కింది మూడు బంతుల మీద పడ్డ మచ్చల వ్యాసం, ఒక్కోదానికి అడ్డంగా ఒకటి నిలువుగా ఒకటి, ఆరు కొలతల సగటు ఇస్తారు.

మూడు ఆయిళ్ళు పంపాలి: ఖాళీ ఆయిల్, డిస్పర్సెంట్ మాత్రమే ఉన్నది, మోలీ ఉన్నది. ఒక్కోటి మూడుసార్లు. డిస్పర్సెంట్‌తోనే మచ్చ పెరిగిందా తగ్గిందా తెలియకుండా, మంచైనా చెడైనా మోలీ ఖాతాలో రాయడానికి లేదు.

అంకెలు చదవడంలో రెండు జాగ్రత్తలు. అదే మనిషి, అదే యంత్రం మీద, అదే ఆయిల్‌తో చేసినా రెండు పరీక్షల మధ్య 0.12 మి.మీ. దాకా తేడా రావచ్చని ఆ ప్రమాణమే చెబుతుంది. 0.62 నుంచి 0.55కి తగ్గిందని సంబరపడే ముందు ఇది గుర్తుంచుకోవాలి. రెండోది, ఏ అరుగుదలా లేకపోయినా 40 కేజీల బరువుకు బంతులు నొక్కుకుని 0.30 మి.మీ. వెడల్పున తాకుతాయి. ఎవరైనా 0.25 మచ్చ చూపిస్తే కొలతలో గానీ బరువులో గానీ తప్పుంది.

ఈ పరీక్ష ఉక్కు మీద ఉక్కుది, మీ బాక్సు కంచు మీద ఉక్కుది. ఇక్కడ ఓడిన మిశ్రమాన్ని పక్కన పెట్టండి. గెలిచిందాన్ని బాక్సులో పోసి చూడండి, అంతకు మించి దీన్నుంచి ఆశించకూడదు.

బాక్సులో

నేరుగా పాత ఆయిల్ తీసి కొత్త మిశ్రమం పోస్తే, కొత్త ఆయిల్ వల్ల వచ్చిన మేలు కూడా మోలీ లెక్కలోకి వస్తుంది. ముందు పాతది వేడిగా ఉండగా దించి, అదే వీజీ 320 కొత్తది పోసి 200 గంటలు నడపండి. కొలతలు రాసుకోండి. తర్వాత అది దించి మోలీ మిశ్రమం పోసి, మొదటి 50 గంటలు వదిలేసి, మళ్ళీ 200 గంటలు కొలవండి. పూత కట్టడానికి ఆ మొదటి గంటలు పడతాయి.

కొలవాల్సింది ఆంపియర్లు కాదు. ఒక హెచ్‌పీ మోటారు బరువు లేకుండా తిరిగినా సగానికి పైగా కరెంటు లాగుతుంది, కాబట్టి క్లాంప్ మీటరులో చిన్న తేడా తేలదు. కిలోవాట్లు చూపే పవర్ మీటరు పెట్టండి. దానితో పాటు డ్రెయిన్ ప్లగ్ దగ్గర ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ ఒకటి, బాక్సుకు రెండు మీటర్ల దూరంలో నీడలో ఒకటి. రెండింటి తేడానే రాసుకోవాలి. బెంగళూరు ఏప్రిల్ మధ్యాహ్నానికీ డిసెంబరు తెల్లవారుజాముకూ ఉన్న దూరం తెలిసిందే, ఉత్త బాక్సు వేడి పోల్చితే వాతావరణాన్ని కొలిచినట్టవుతుంది.

ఎంత తేడా ఆశించాలి? 0.75 కిలోవాట్లు లాగే బాక్సు 70 శాతం సామర్థ్యంతో నడుస్తుంటే 225 వాట్లు వేడిగా పోతున్నాయి. సామర్థ్యం 72కి పెరిగితే, అదే పనికి లాగేది 729 వాట్లు, వేడి 204. గాలి కన్నా 45 డిగ్రీలు ఎక్కువగా ఉండే బాక్సు 41 దగ్గర ఆగుతుంది. నాలుగు డిగ్రీలు. చిన్నదే, కానీ సరిగ్గా కొలిస్తే దొరుకుతుంది. పోసిన మర్నాడే ఇరవై డిగ్రీలు తగ్గిందంటే బరువు తగ్గి ఉంటుంది, లేదా థర్మోకపుల్ ఊడి ఉంటుంది.

బాక్సు మీద ఒక స్టిక్కరు అంటించండి, తెలుగులో, కన్నడంలో, హిందీలో: "ఆయిల్ నల్లగానే ఉంటుంది, మార్చవద్దు". లేకపోతే నైట్ షిఫ్టులో కొత్తగా చేరిన హిందూపురం కుర్రాడు "అన్నా, ఆయిల్ మాడిపోయింది" అని దించేసి కొత్తది పోసేస్తాడు. అతని తప్పు లేదు, నల్లటి ఆయిల్ అంటే మాడిన ఆయిలేనని నేర్పింది మనమే. నల్లరంగు వల్ల మీకూ ఒక నష్టం ఉంది. ఆయిల్లో కంచు మెరుపు కనిపిస్తే చక్రం అరుగుతోందని తెలిసేది, ఇప్పుడు కనపడదు. కంచు అయస్కాంతానికి అంటదు కాబట్టి మ్యాగ్నెట్ ప్లగ్గూ చెప్పదు. నెలకోసారి 100 మి.లీ. తీసి రాగి, తగరం, ఇనుము పీపీఎం చూపించుకోండి. మోలీ పోశాక రాగి వేగంగా పెరుగుతూ పోతే, కారణం వెతుక్కుంటూ కూర్చోకుండా దించేయండి.

వారం సెలవుల తర్వాత మొదలుపెట్టేటప్పుడు బాక్సును ముందు బరువు లేకుండా పది నిమిషాలు తిప్పండి. అడుక్కి దిగింది మళ్ళీ లేస్తుంది. పది నిమిషాల తర్వాత తీసిన చుక్క కాగితం మీద మధ్యలో నల్లగా ఆగిపోతుంటే ఉండలు కట్టినట్టే, ఇక అది కలిపినా విడిపోదు. నురగ వస్తుంటే డిస్పర్సెంట్ ఎక్కువై ఉండొచ్చు. మోలీ తడిగాలిలో, బాగా వేడిలో ఆక్సీకరణ చెంది ఆమ్లం పుట్టిస్తుంది. అందుకే బ్రీదర్‌కు తేమ పట్టే సిలికా జెల్ డబ్బా బిగించండి, నెలవారీ శాంపిల్లో ఆమ్ల సంఖ్య కూడా చూపించుకోండి.

మిగిలిన మిశ్రమాన్ని నిండుగా నింపిన డబ్బాలో, తారీఖు రాసి ఉంచండి. వాడే ముందు 60 డిగ్రీలకు వేడిచేసి అరగంట కలిపి, కాగితం పరీక్ష మళ్ళీ చేయాలి. దించిన నానో ఆయిల్‌ను మామూలు పాత ఆయిల్ డ్రమ్ములో కలపకండి. పాత ఆయిల్ 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందకే వస్తుంది, కర్ణాటక కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న రీసైక్లరుకే ఇవ్వాలి. దీన్ని వేరే డ్రమ్ములో, లోపల ఏముందో చీటీ అంటించి అప్పగించండి.